పక్కదారి లేని పశ్చిమ ప్రకాశానికి గేటు లెక్క కుదరదు

సంక్రాంతి, శివరాత్రి, దసరా దగ్గరపడుతున్నాయంటే మార్కాపురం, కంభం, గిద్దలూరు ఇళ్లలో ఒకటే చర్చ. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు ఏ దారిన రావాలి? శ్రీశైలం మీదుగా రావాలంటే అడవి గేటు పడేలోపే దాటాలి. నాగార్జునసాగర్, మాచర్ల, యర్రగొండపాలెం మీదుగా అయితే రెండు వరుసల రోడ్డు మీద లారీల వెనక ఓపిగ్గా రావాలి. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు పట్టుకుని వినుకొండ వైపు తిరిగితే బండి సాఫీగా సాగుతుంది గానీ టోల్ ఖర్చు పెరుగుతుంది. ఈ లెక్కలు వేసుకుంటూ ఉండగానే ఇంకో ప్రశ్న పైకి వస్తుంది: ఎదురుగా బస్సు వస్తే పక్కకు తప్పుకోవాల్సిన రెండు వరుసల రోడ్డుకు టోల్ కట్టడమేమిటి? మొదటి ప్రశ్న ప్రయాణికుడిది, రెండోది పన్ను కట్టే పౌరుడిది. రెంటికీ మూలం ఒక్కటే. మన టోల్ నిబంధనలు దారి ఎంచుకునే వీలున్న ప్రాంతాలను చూసి రాసుకున్నవి. నల్లమల అంచున ఉన్న ఈ సీమకు ఆ వీలు లేదు.

ఆ వీలు ఎందుకు లేదో ఈ ప్రాంతం పటం చూస్తే తెలుస్తుంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి, కనిగిరి, పొదిలి ప్రాంతాలు నెల్లూరు నుంచి వచ్చి చేరాయి. 2025 చివరి దాకా జిల్లా కేంద్రం ఒంగోలే అయినా గిద్దలూరు వాళ్ల పెళ్లిళ్లు, వ్యాపారాలు, ఆసుపత్రులు చాలావరకు నంద్యాల వైపే. పడమట, ఉత్తరాన నల్లమల గోడలా నిలబడి ఉంటుంది. ఆ గోడలో ఉన్న కనుమలు కొన్నే. ఇప్పుడా కనుమల గుండా, వాటి దిగువన పోయే పెద్ద రోడ్లన్నీ జాతీయ రహదారులయ్యాయి. అనంతపురం నుంచి బనగానపల్లె, గాజులపల్లె, గిద్దలూరు, కంభం, వినుకొండ మీదుగా గుంటూరు చేరేది 544డి. నకిరేకల్ నుంచి నాగార్జునసాగర్, మాచర్ల, మార్కాపురం, కనిగిరి మీదుగా తిరుపతి దగ్గర ఏర్పేడు దాకా పోయేది 565. హైదరాబాదు నుంచి శ్రీశైలం, దోర్నాల మీదుగా తోకపల్లి దగ్గర 544డిని కలిసేది 765. కోస్తాలో 16వ నంబరు రహదారి మీద టోల్ వద్దనుకునేవాడికి పాత ట్రంకు రోడ్డో, డొంక రోడ్డో దొరుకుతుంది. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లేవాడికి ఘాట్ రోడ్డు ఒక్కటే. మిగిలింది గుంటూరు–గుంతకల్లు రైలు. దాని వేళలు దానివి.

రూపాయి ఎలా లెక్కకడతారు

దేశంలో జాతీయ రహదారుల మీద వసూలు చేసే ప్రతి రూపాయికీ ఆధారం 2008లో కేంద్రం తెచ్చిన రుసుం నిబంధనలు. 2007–08 ధరల ప్రకారం నాలుగు వరుసల రోడ్డు మీద కిలోమీటరుకు కారుకు 65 పైసలు, చిన్న సరుకు బండికి రూపాయి 5 పైసలు, బస్సుకూ లారీకీ 2 రూపాయల 20 పైసలుగా నిర్ణయించారు. విస్తరించిన రెండు వరుసల రోడ్డయితే ఇందులో 60 శాతం. అంటే కారుకు 39 పైసలు. ఏటా ఏప్రిల్ 1న దీనికి చక్రవడ్డీ కాని 3 శాతం కలుస్తుంది. ఆ పైన టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం చేరుతుంది. 3 శాతం వాటా ఒక్కటే లెక్కేసినా 18 ఏళ్లలో 54 శాతం. సూచీ వాటా కూడా కలిపితే 2025–26 నాటికి మూల ధర రెండింతలు దాటింది. నా లెక్కన రెండు వరుసల రోడ్డు మీద కారుకు కిలోమీటరుకు 90 పైసలు, చిన్న సరుకు బండికి దాదాపు రూపాయిన్నర, లారీకి 3 రూపాయలకు పైగా పడుతుంది. 60 కిలోమీటర్ల భాగానికి కారుకు 55, చిన్న బండికి 90, లారీకి 185 రూపాయల వరకు.

ఈ అంకెలు విడిగా చూస్తే పెద్దవి కావు. ఆ రోడ్డు వేయడానికైన ఖర్చుతో పోల్చినా ఎక్కువ అనిపించవు. చిక్కంతా వసూలు చేసే తీరులో ఉంది. మన రుసుం పేరుకు కిలోమీటరు లెక్క, కట్టేటప్పుడు గేటు లెక్క. ఒక గేటు కింద 60 కిలోమీటర్ల రోడ్డు ఉందనుకుందాం. గేటుకు అటు 4 కిలోమీటర్ల దూరంలోని ఊరి నుంచి ఇటు 4 కిలోమీటర్ల దూరంలోని సంతకు కారులో వచ్చే మనిషి 8 కిలోమీటర్లు తిరిగి 60 కిలోమీటర్ల సొమ్ము కడతాడు. గేటు తగలకుండా అదే రోడ్డు మీద 50 కిలోమీటర్లు పోయేవాడు పైసా కట్టడు. ఇద్దరిలో ఎవరి మీదా ఇది న్యాయమైన వసూలు కాదు. నాలుగైదు దారులున్న చోట జనం ఈ తేడాను తమ తెలివితో సర్దుకుంటారు. ఒకే దారి ఉన్న చోట గేటు ఎక్కడ పెట్టారన్నదే వాళ్ల ఖర్చును నిర్ణయిస్తుంది. ఒకే రోడ్డు మీద ఒకే దిశలో 60 కిలోమీటర్ల లోపు రెండో గేటు ఉండరాదని, పురపాలక హద్దుకు 10 కిలోమీటర్ల లోపు గేటు పెట్టరాదని నిబంధన ఉంది. కారణాలు రాసి దాన్ని సడలించే వీలూ అందులోనే ఉంది.

స్థానికులకు రాయితీ లేదా అంటే ఉంది. గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉండే సొంత బండివాళ్లకు నెలవారీ పాసు ఇస్తారు. 2007–08లో 150 రూపాయలు, 2025–26లో 350. గేట్లు 60 కిలోమీటర్ల దూరంలో ఉంటే రెండు వృత్తాల మధ్య 20 కిలోమీటర్ల మేర ఊళ్లు ఏ రాయితీకీ అందవు. ఆ 20 కిలోమీటర్లు కూడా నగరం చుట్టూ రాకపోకలను ఊహించి గీసిన గీత. అర్ధవీడు, రాచర్ల, కొమరోలు, పుల్లలచెరువు వంటి మండలాల మనిషి మంచి ఆసుపత్రికి పోవాలన్నా, కలెక్టరాఫీసుకు పోవాలన్నా ఆ గీత ఎప్పుడో దాటిపోతుంది. ఆంబులెన్సుకు టోల్ లేదు. రోగిని పక్కింటివాళ్ల కారులో నంద్యాలకో గుంటూరుకో తీసుకుపోయేవాళ్లకు మాత్రం ఉంది. మన పల్లెల్లో రోగులు ఎక్కువగా ఎలా వెళ్తారో వైద్యులను అడిగితే చెబుతారు.

జిల్లాలో రిజిస్టరైన, నేషనల్ పర్మిట్ లేని వాణిజ్య వాహనాలకు ఆ జిల్లాలోని గేటు దగ్గర సగం రుసుమే తీసుకుంటారు. మిరపకాయలు గుంటూరు యార్డుకు, పత్తి జిన్నింగు మిల్లుకు, మార్కాపురం పలకలు బయటి ఊళ్లకు చేరవేసే బండ్లకు ఇది పెద్ద ఊరటే. అయితే 2025 డిసెంబరు 31న మార్కాపురం వేరే జిల్లా అయింది. ఎన్నో ఏళ్ల కోరిక తీరింది, సంతోషం. కానీ జిల్లా చిన్నదైతే ఈ సగం రుసుం చెల్లే పరిధి కూడా చిన్నదవుతుంది. నిన్నటి వరకు సొంత జిల్లాలో ఉన్న గేటు ఒక్క గెజిట్‌తో పొరుగు జిల్లా గేటు కావచ్చు. పాలనా హద్దులకు, సరుకు నడిచే దారికి ఏ సంబంధమూ లేదు. పరిధిని పాత ఉమ్మడి జిల్లా ప్రకారమో, పొరుగు జిల్లాలను కలిపో నిర్ణయించాలని కొత్త జిల్లా యంత్రాంగం ఇప్పుడే అడగాలి.

ఇక 24 గంటల్లో తిరిగొచ్చేవాళ్లకు ఇచ్చే తగ్గింపు సంగతి. వెళ్లిరావడానికి రెండింతలు కాకుండా ఒకటిన్నర రెట్లే తీసుకుంటారు. మంచి నిబంధనే. కానీ శ్రీశైలం దారిలో పులుల అభయారణ్యాల కారణంగా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. తెలంగాణ వైపు మన్ననూరు దగ్గరా, మన వైపు దోర్నాల దారిలోనూ అదే పద్ధతి. వన్యప్రాణుల కోసం పెట్టిన ఆ కట్టడి సరైందే, దాన్ని సడలించమని నేను అనను. కాకపోతే దాని ఫలితం చూడండి. ఉదయం బయల్దేరి హైదరాబాదు ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఆగిన మనిషి రాత్రికి అడవి దాటలేడు. మర్నాడు 6 తర్వాత గేటు తీశాక అడవి దాటి, తను తొలి రోజు టోల్ కట్టిన చోటికి చేరేసరికి 24 గంటలు గడిచిపోతాయి. ఒక ప్రభుత్వ శాఖ రాత్రంతా దారి మూస్తుంది, ఇంకో శాఖ ఆ గంటలను కూడా రాయితీ గడువులో లెక్కపెడుతుంది. అడవి మూసి ఉంచే 9 గంటలను గడువుకు కలిపి, ఇటువంటి దారుల్లో 33 గంటలు చేస్తే సరిపోతుంది. ఫాస్టాగ్ వ్యవస్థలో ఇది చిన్న మార్పు.

పాసు ఎవరికి లాభం

2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది. అప్పటి ధర 3,000 రూపాయలు. ఏడాది గానీ 200 దాట్లు గానీ, ఏది ముందైతే అది. దాటుకు 15 రూపాయలు పడేది. నెలకోసారి విజయవాడో బెంగళూరో కారులో పోయేవాళ్లకు ఇది కళ్లు మూసుకుని కొనదగ్గది. కానీ ఇక్కడివాళ్లు కొనేముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, రాష్ట్ర రహదారుల గేట్ల దగ్గర ఇది చెల్లదు. అద్దంకి–నార్కట్‌పల్లి దారి రాష్ట్ర రహదారే గనుక అక్కడ ఫాస్టాగ్‌లోంచి మామూలు రుసుమే పోతుంది. రెండు, రెండు వరుసల రోడ్డు మీద ఒక్క గేటే దాటేవాడికి 24 గంటల తగ్గింపు కూడా చూసుకుంటే, ఏడాదిలో దాదాపు 36 సార్లు వెళ్లొస్తే గానీ పాసు గిట్టదు.

స్థానిక పాసుతో పోల్చి చూస్తే ఇంకో వింత కనిపిస్తుంది. 2025–26 ధరల ప్రకారం నెలకు 350 చొప్పున ఏడాదికి 4,200. గేటు పక్కనే ఉండి దాని దుమ్ము, హారన్లు భరించే ఊరి మనిషి ఆ ఒక్క గేటుకే 4,200 కడితే, దేశమంతా తిరిగే కారు యజమానికి 3,000తో 200 దాట్లు. స్థానిక పాసుకు దాట్ల పరిమితి లేదన్న మాట నిజమే. రోజూ అటూ ఇటూ తిరిగేవాడికి అదే మేలు. కానీ వారానికి రెండు మూడుసార్లు గేటు దాటే రైతుకో మాస్టారుకో అది నష్టమే. వార్షిక పాసు తెచ్చిన రోజునే స్థానిక పాసు ధరను కూడా సవరించి ఉండాల్సింది.

కారు లేనివాళ్లకు ఈ గొడవ పట్టదనుకోవడం పొరపాటు. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, ట్రాక్టర్లకు మామూలుగా టోల్ లేదు గానీ ఆర్టీసీ బస్సుకు ఉంది. ఆ సొమ్ము టికెట్‌లో కలుస్తుంది. మార్కాపురం నుంచి కూలిపనికి గుంటూరు, హైదరాబాదు పోయే వలస కుటుంబం కూడా తన వాటా కడుతూనే ఉంది. వార్షిక పాసు మొదలైన 2025 ఆగస్టు 15నే రాష్ట్రంలో మహిళలకు స్త్రీ శక్తి కింద ఉచిత బస్సు ప్రయాణమూ మొదలైంది. ఉచిత టికెట్ మీద టోల్ భారం ఎక్కడికీ మాయం కాలేదు, సంస్థ మీదకో ఖజానా మీదకో వెళ్లింది. గేటు దాటే కారుకు పాసు ఇవ్వగలిగినప్పుడు ప్రజారవాణా బస్సుకు మినహాయింపు ఇవ్వడానికి అడ్డేమిటో కేంద్రం చెప్పాలి.

టోల్ కావాలనేవాళ్ల వాదనను తేలిగ్గా తీసేయలేం. సొమ్ము లేనిదే రోడ్డు నిలవదు. రాష్ట్ర రహదారులు ఏళ్ల తరబడి గుంతలుపడి, చివరికి 2024 నవంబరులో గుంతలు పూడ్చడాన్నే ఒక ఉద్యమంగా ప్రభుత్వం చేపట్టాల్సి వచ్చింది. వాడేవాడు కడితే వాడనివాడి మీద భారం పడదన్నది రెండో మాట. అనంతపురం వైపు నుంచి, నంద్యాల సిమెంటు ఫ్యాక్టరీల నుంచి కోస్తాకు పోయే భారీ లారీలు ఈ రోడ్డును అరగదీస్తాయి గనుక అవి కట్టాల్సిందేనన్నది మూడోది. ఈ మూడింటిలో చివరిదాంతో నాకు పూర్తి ఏకీభావం. ఇరుసు బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం అనేక రెట్లు పెరుగుతుందని ప్రతి రోడ్డు ఇంజనీరుకూ తెలుసు. కార్లు చేసే నష్టం దానిముందు లెక్కలోకి రాదు.

వద్దనేవాళ్ల వాదనలోనూ బలం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఆ పైన రోడ్డు అభివృద్ధి సెస్సు ఒక రూపాయి. డీజిల్ మీద 22.25 శాతం, అదే 4, అదే 1. ఆ సెస్సు 2020 సెప్టెంబరు నుంచి రోడ్ల పేరు చెప్పే వసూలు చేస్తున్నారు. బండి కొన్న రోజున లైఫ్ ట్యాక్స్ కట్టాం. కేంద్రం కూడా ఇంధనం మీద రోడ్లు, మౌలిక వసతుల సెస్సు తీసుకుంటోంది. ఇన్ని కట్టాక గేటు దగ్గర మళ్లీ ఎందుకన్న ప్రశ్నకు ప్రభుత్వాలు ఇప్పటిదాకా అంకెలతో జవాబివ్వలేదు. పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం కూడా 2025 ఆగస్టులో, పెట్టుబడి, నిర్వహణ ఖర్చులు రాబట్టుకున్నాక టోల్‌ను బాగా తగ్గించాలని, ధరల మీద స్వతంత్ర పర్యవేక్షణ ఉండాలని సూచించింది. ఆ సంఘం మాట పట్టించుకుంటే పశ్చిమ ప్రకాశానికే కాదు, దేశానికంతటికీ మేలు.

ఈలోగా రాష్ట్రం కూడా టోల్ వైపు చూస్తోంది. రాష్ట్ర రహదారుల నిర్వహణను ఏజెన్సీలకు అప్పగించి, బైకులు, ఆటోలు, ట్రాక్టర్లను వదిలేసి కార్లు, లారీలు, బస్సుల నుంచి రుసుం తీసుకునే ఆలోచనను ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 నవంబరులో శాసనసభలో చెప్పారు. పల్లె నుంచి మండల కేంద్రానికి పోయేవాళ్ల మీద భారం ఉండదన్నారు. ఉభయ గోదావరి జిల్లాల్లో ముందు పరీక్షిస్తామన్నారు. గోదావరి జిల్లాల్లో రోడ్ల మీద రద్దీ ఉంది, ఒక రోడ్డు కాకపోతే ఇంకోటి ఉంది. అక్కడ కుదిరిన లెక్క తెచ్చి కనిగిరి–పామూరు వైపో పొదిలి–మార్కాపురం వైపో పెడితే కుదరదు. రద్దీ తక్కువున్న రోడ్డు మీద గేటు పెట్టడం, దాన్ని నడపడం, మనుషుల జీతాలు, యంత్రాలు కలిపితే వసూలైనదాంట్లో పెద్ద వాటా వసూలుకే పోతుంది. లీటరుకు రూపాయి సెస్సుకు ఆ సమస్య లేదు, బంకు దగ్గరే వసూలవుతుంది. ముందు ఆ రూపాయి ఏ జిల్లాలో ఎంత వచ్చిందో, ఏ రోడ్డుకు ఎంత పోయిందో చెప్పాకే కొత్త గేటు మాట ఎత్తాలి.

పోర్చుగల్ పాఠం

మన సమస్యకు బాగా దగ్గరి ఉదాహరణ పోర్చుగల్‌లో ఉంది. ఆ దేశం 1990ల చివరి నుంచి వెనకబడిన లోతట్టు ప్రాంతాలకు మంచి రహదారులు వేసి, ప్రయాణికుడి దగ్గర పైసా తీసుకోకుండా ప్రభుత్వమే కంపెనీలకు చెల్లించే పద్ధతి పెట్టింది. అప్పుల సంక్షోభం ముంచుకొచ్చాక 2010, 2011లో ఆ రోడ్ల మీద కూడా టోల్ మొదలుపెట్టింది. మొదట్లో స్థానికులకు నెలకు 10 ప్రయాణాలు ఉచితమన్నారు, అదీ 2012లో పోయింది. ఫలితంగా కార్లు, లారీలు కొత్త రహదారి వదిలి ఊళ్ల మధ్య నుంచి పోయే పాత రోడ్లెక్కాయి. దక్షిణాన ఆల్గార్వ్‌లో అయితే పాత రోడ్డు మీది రద్దీ, ప్రమాదాలు ఏళ్ల తరబడి ఉద్యమాలకు కారణమయ్యాయి. చివరికి 2024లో పార్లమెంటు చట్టం చేసి, 2025 జనవరి 1 నుంచి ఆ లోతట్టు రహదారుల మీద, ఆల్గార్వ్‌లో కూడా టోల్ ఎత్తేసింది. సంపన్న తీరప్రాంతపు చాలా రహదారుల మీద టోల్ అలాగే ఉంది. ఒకే దేశంలో ఒకే ధర అంటే అందరికీ న్యాయం జరిగినట్టు కాదని వాళ్లు పదమూడేళ్ల అనుభవంతో ఒప్పుకున్నారు.

ఎప్పటిదాకా కట్టాలన్న ప్రశ్నకు మూడు దేశాలు మూడు జవాబులిచ్చాయి. స్పెయిన్‌లో కాంట్రాక్టు గడువు తీరగానే గేట్లు తీసేశారు. మధ్యధరా తీరం వెంట పోయే ఏపీ–7 రహదారిలో ఒక పెద్ద భాగం 2021 సెప్టెంబరులో ఉచితమైంది. జపాన్‌లో అప్పు తీరాక ఉచితం చేస్తామన్న గడువును మొదట 2050 అన్నారు, తర్వాత 2065, 2023లో చేసిన చట్టంతో 2115 దాకా పొడిగించుకున్నారు. నార్వేలో ఏ రోడ్డుకు టోల్ పెట్టాలన్నా ముందు స్థానిక పాలక మండళ్లు ఒప్పుకోవాలి, వసూలు సాధారణంగా 15 ఏళ్లకు పరిమితం, ఆ సొమ్ము ఆ పథకానికే. నాకు నార్వే పద్ధతి నచ్చుతుంది. కట్టేవాడికి తను దేనికి కడుతున్నాడో, ఎప్పటికి అయిపోతుందో తెలుస్తుంది. మన గేటు దగ్గరి బోర్డు మీద ధరల పట్టిక ఉంటుంది గానీ ఇప్పటికి ఎంత వసూలైంది, ఇంకెంత రావాలి అన్నది చదివి తెలుసుకునేంత స్పష్టంగా ఉండదు.

ఎవరు కట్టాలన్నదానికి జర్మనీ వైపు చూడాలి. 2005 జనవరి నుంచి అక్కడ లారీలకు ఉపగ్రహ సాయంతో దూరం కొలిచి టోల్ వేస్తున్నారు, 2018లో దాన్ని సమాఖ్య రహదారులన్నింటికీ విస్తరించారు. కార్లకు లేదు. జనం ఒప్పుకోని టోల్ గతి ఏమవుతుందో దక్షిణాఫ్రికా చూపించింది. జొహానెస్‌బర్గ్ చుట్టూ 2013 డిసెంబరులో మొదలైన ఎలక్ట్రానిక్ టోల్‌ను జనం పెద్ద సంఖ్యలో కట్టడం మానేశారు. 2024 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మన దగ్గర అంత దూరం పోకముందే న్యాయస్థానాలు కల్పించుకున్నాయి. గుంతలు, గంటల తరబడి నిలిచిపోయే ట్రాఫిక్ కారణంగా కేరళలోని పాలియెక్కర గేటు దగ్గర వసూలును 2025 ఆగస్టులో అక్కడి హైకోర్టు నిలిపేసింది, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. రోడ్డు బాగుంటేనే రుసుం అన్న సూత్రానికి ఇప్పుడు దేశమంతటా బలం ఉంది. ఘాట్‌లో కొండచరియ విరిగిపడ్డ రోజున, వంతెన మరమ్మతుతో చుట్టూ తిరగాల్సిన రోజున ఆ సూత్రం ఇక్కడ కూడా వర్తించాలి.

గేటు లెక్క నుంచి దూరం లెక్కకు మారడం ఊహ కాదు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద మన వాళ్లంతా ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు వరకే కడుతున్నారు. కేంద్రం 2024 సెప్టెంబరులో నిబంధనలు సవరించి, ఉపగ్రహ పరికరం ఉన్న బండికి రోజుకు ఒక్కో దిశలో మొదటి 20 కిలోమీటర్లు ఉచితమని, అది దాటితే తిరిగిన అసలు దూరానికే రుసుమని రాసింది. తర్వాత ఉపగ్రహాన్ని పక్కనపెట్టి, నంబరు ప్లేటు చదివే కెమెరాలు, ఫాస్టాగ్ కలిపిన అడ్డుకర్ర లేని గేట్ల వైపు మళ్లింది. పరికరం ఏదైతేనేం, ఆ 20 కిలోమీటర్ల ఉచితాన్ని ఫాస్టాగ్‌కు కూడా వర్తింపజేస్తే గేటు పక్క ఊళ్ల ఇక్కట్లు సగం తీరతాయి. దూరం లెక్క వస్తే ఇప్పుడు గేటు తగలక ఉచితంగా పోతున్న కొందరు కూడా కట్టాల్సి వస్తుంది. అది న్యాయమేనని నా అభిప్రాయం. దాచిపెట్టి ఒప్పించాల్సిన విషయం కాదు, ముందే చెప్పాలి. ప్రభుత్వ నిధులతో కట్టి ప్రభుత్వమే టోల్ తీసుకునే రోడ్ల మీద ఈ మార్పుకు ప్రైవేటు కాంట్రాక్టు అడ్డం రాదు గనుక ప్రయోగం ఇటువంటి రెండు వరుసల రోడ్ల మీదే మొదలుపెట్టొచ్చు.

ముందున్న రెండు పథకాల విషయంలో ఇప్పుడు అడగకపోతే తర్వాత అడిగి లాభం లేదు. శ్రీశైలం దారిలో మన్ననూరు వైపు అడవి మీదుగా ఎత్తయిన వంతెన రహదారి వేయాలని తెలంగాణ కోరుతోంది. అది వస్తే రాత్రి కట్టడి తొలగవచ్చు, పులులకూ మేలు కావచ్చు. కానీ వంతెన, సొరంగం ఉంటే వాటి పొడవును పది రెట్లుగా లెక్కకట్టి టోల్ వేస్తారు. 2025 జూలైలో సవరించాక, నిర్మాణం పొడవుకు పది రెట్లను మిగతా రోడ్డు పొడవుకు కలిపితే వచ్చేది గానీ మొత్తం భాగానికి ఐదు రెట్లు గానీ, ఏది తక్కువైతే అది. అంటే 40 కిలోమీటర్ల భాగమంతా వంతెనే అయితే 200 కిలోమీటర్ల టోల్. మల్లన్న దర్శనానికి పోయే భక్తుడికీ, మార్కాపురం నుంచి హైదరాబాదు పోయే రోగికీ ఇది ఎంత బరువో డిజైను దశలోనే తేల్చుకోవాలి.

రెండోది కొడికొండ నుంచి పులివెందుల, సీఎస్‌పురం ప్రాంతాల మీదుగా అద్దంకి దగ్గర ముప్పవరం చేరే బెంగళూరు–విజయవాడ కొత్త రహదారి, 544జి. దాదాపు 342 కిలోమీటర్లు. ప్రవేశాలు పరిమితంగా ఉండే ఇటువంటి రోడ్డుకు దూరం లెక్కే సరిపోతుంది, ఈ సీమకు అది మంచిదే. అయితే ఇటువంటి రహదారిలో ఎక్కే చోటు లేని ఊరికి ఆ రోడ్డు కంచెతో సమానం. బెంగళూరు–మైసూరు రహదారి మీద 2023 ఆగస్టు నుంచి బైకులను, ఆటోలను, ట్రాక్టర్లను రానివ్వడం లేదు. అదే పద్ధతి ఇక్కడికీ వస్తే పొలానికి అటుపక్క ఉన్న రైతు ట్రాక్టరు ఏ వంతెన కింద నుంచి దాటాలన్నది టోల్ కన్నా పెద్ద ప్రశ్నవుతుంది. సీఎస్‌పురం, కనిగిరి, పొదిలి వైపు ఎక్కి దిగే చోట్లు ఎన్ని, వాటి నుంచి మార్కాపురం, గిద్దలూరు, కంభంకు కలిపే రోడ్లను ఎవరు విస్తరిస్తారు, ఆ కలిపే రోడ్ల మీద రాష్ట్రం మళ్లీ గేటు పెడుతుందా అన్న మూడింటికీ లిఖితపూర్వక జవాబు ఈ ప్రాంత ఎంపీ, ఎమ్మెల్యేలు ఆ రహదారి పూర్తిగా తెరుచుకునేలోపే తెచ్చుకోవాలి.